తొలినాటి అమెరికా వెండి నాణేల గ్రేడింగ్: అపోహలు - వాస్తవాలు

ఫిలడెల్ఫియా టంకశాలలో 1794 నుంచి 1836 వరకు ముద్రించిన వెండి డాలర్లు, అర డాలర్లే నేను ఎక్కువగా పరిశీలించే నాణేలు. అమెరికాలో ఉంటున్న మన తెలుగువారిలో కొందరు వీటిని కొని, తెచ్చి చూపించి, అడిగే ప్రశ్నలలో ఒకే రకమైన పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నందువల్ల ఇది రాస్తున్నాను. గ్రేడింగ్ అంటే నాణెం ఏ స్థితిలో ఉందో చూసి 1 నుంచి 70 లోపు అంకె ఇవ్వడం. నాణెం చేతికి రాగానే నేను వేసుకునే మొదటి ప్రశ్న ఒక్కటే: దీని మీద కనిపిస్తున్నవాటిలో టంకశాల గడప దాటక ముందు ఏర్పడినవి ఏవి, దాటిన తర్వాత ఏర్పడినవి ఏవి? కింది అపోహలలో చాలావరకు ఈ రెండింటినీ కలగాపులగం చేయడం వల్ల పుట్టినవే.

అపోహ: నాణెం మీద సమాంతరంగా గీతలు ఉంటే ఎవరో గీకి పాడుచేశారన్నమాట.

వాస్తవం: 1790ల నాటి డాలర్ల మీద కనిపించే ఇలాంటి గీతలు చాలా సందర్భాలలో టంకశాల ఉద్యోగుల చేతి పనే. 1792 చట్టం ప్రకారం డాలరు బరువు 416 గ్రెయిన్లు, అంటే దాదాపు 26.96 గ్రాములు ఉండాలి. ముద్ర వేయడానికి ముందు ప్రతి బిళ్ళనూ తూచి, తక్కువ తూగినదాన్ని మళ్లీ కరిగించేవారు. ఎక్కువ తూగినదాన్ని ఆకురాయితో అరగదీసి సరిచేసేవారు. నాణేల విలువను దురుద్దేశంతో తగ్గించిన టంకశాల అధికారికి మరణశిక్ష విధించాలని అదే చట్టంలో రాసుకున్న కాలమది. తూకం విషయంలో అంత పట్టుదల ఎందుకో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఆకురాయి గీత ముద్రకు ముందుది కనుక, అచ్చు దాని మీద పడినప్పుడు చాలాచోట్ల అది అణగిపోతుంది. లోహం అచ్చులోని లోతైన గుంటలను పూర్తిగా నింపలేని చోట్ల, అంటే నాణెం మీద మిక్కిలి ఎత్తుగా ఉండవలసిన జుట్టు పాయల మీద, గద్ద రొమ్ము మీద, అంచు పళ్ల మీద మాత్రం మిగిలిపోతుంది. తర్వాత పడిన గీత ఇందుకు భిన్నంగా అక్షరాన్ని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. భూతద్దం పెట్టి చూస్తే దాని రెండు గట్ల మీదా లోహం సన్నగా పైకి లేచి ఉంటుంది. గ్రేడింగ్ సంస్థలు మొదటి రకాన్ని దెబ్బగా లెక్కించవు. అయితే ఆ గీతలు మరీ లోతుగా, లిబర్టీ (స్వేచ్ఛకు ప్రతీకగా నాణెం మీద చెక్కిన స్త్రీమూర్తి) ముఖం మీదుగా పోతే, చూపుకు ఇంపు తగ్గుతుంది కాబట్టి ధర మీద ప్రభావం ఉంటుంది.

బరువు తగ్గిన బిళ్ళకు మధ్యలో చిన్న వెండి ముక్కను బిగించి ముద్ర వేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2013 జనవరిలో కోటి డాలర్లకు పైగా పలికిన 1794 డాలరు మీద ఆ వెండి బిరడా, ఆకురాయి గీతలు రెండూ ఉన్నాయి. పీసీజీఎస్ అనే గ్రేడింగ్ సంస్థ దానికి ఎస్పీ-66 గ్రేడు ఇచ్చింది (ఎస్పీ అంటే ప్రత్యేక శ్రద్ధతో ముద్రించినది). మచ్చలేని నాణెమే కావాలని పట్టుబట్టేవారికి నేను ఈ నాణెం ఫొటో చూపిస్తాను.

అపోహ: చెక్కడంలోని వివరాలు కనిపించకపోతే నాణెం అంతగా అరిగిపోయినట్టే.

వాస్తవం: కొత్తగా చేరినవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, ఎక్కువ అనుభవం కావలసింది కూడా ఇక్కడే. అరుగుదల వేరు, బలహీనమైన ముద్ర వేరు. 1794 అక్టోబరు 15న టంకశాల అప్పగించిన 1,758 డాలర్లనే తీసుకోండి. అంత పెద్ద నాణేన్ని ముద్రించే సత్తా అప్పటి యంత్రానికి లేకపోవడం వల్ల బొమ్మ వైపు ఎడమ అంచున ఉన్న నక్షత్రాలు చాలా నాణేల మీద మొదటి రోజునే మసకగా పడ్డాయి.

1807 నుంచి 1836 వరకు వచ్చిన, టోపీ ధరించిన లిబర్టీ బొమ్మ గల అర డాలర్లలో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఈ నాణేన్ని నిలువుగా తిప్పితే బొరుసు నిటారుగా కనిపిస్తుంది కనుక, బొమ్మ వైపు దిగువన ఉన్న భుజం, దాని మీది వస్త్రపు కొక్కెం, బొరుసు వైపు గద్ద తల మీద ‘ఈ ప్లూరిబస్ యూనమ్’ అన్న లాటిన్ నినాదం రాసిన పట్టీ దాదాపు ఒకదాని వెనుక ఒకటి పడతాయి. రెండు అచ్చులలోనూ అదే చోట లోతు ఉండడంతో మధ్యనున్న వెండి రెండు గుంటలనూ నింపడానికి చాలదు. ఫలితంగా కొక్కెం చదునుగానూ, పట్టీలోని అక్షరాలు సగం మాయమైనట్టుగానూ ఉంటాయి.

మొన్న ఒక మిత్రుడు 1827 అర డాలరు తెచ్చాడు. పట్టీలో మధ్య అక్షరాలు చదవడానికి లేవు కాబట్టి ఇది వీఎఫ్-30కి (ఓ మోస్తరుగా అరిగిన స్థితికి) మించదని అమ్మినవాడు చెప్పాడట. దాన్ని ఒకే బల్బు ఉన్న దీపం కింద, అంచులు పట్టుకుని, మెల్లగా వంచుతూ తిప్పాను. ముద్ర పడే క్షణంలో లోహం నడుమ నుంచి అంచు వైపు పారినప్పుడు ఏర్పడే సన్నని చారలే వెండి మెరుపుకు మూలం. వాటి మీద పడిన వెలుగు బండిచక్రం ఆకుల్లా నాణెం చుట్టూ తిరుగుతుంది. ఆ నాణెం మీద ఆ వెలుగు నక్షత్రాల మధ్య నుంచి ఎక్కడా తెగకుండా తిరిగింది. అక్షరాలు లేని ఆ పట్టీ మీద కూడా మెరుపు ఉంది. ముద్రకు ముందటి బిళ్ళ గరుకుతనం అలాగే మిగిలి ఉంది. అరిగిన చోటైతే నున్నగా, మిగతా తలం కన్నా బూడిద రంగుగా ఉంటుంది. లిబర్టీ చెంప మీద, కంటిపై కురుల మీద మాత్రమే ఆ బూడిద ఛాయ కొద్దిగా కనిపించింది. తర్వాత గ్రేడింగుకు పంపితే అది ఏయూ-55గా, అంటే అరుగుదల చాలా స్వల్పమన్న గ్రేడుతో, తిరిగి వచ్చింది.

ఈ అర డాలర్లలో ఇంత మంచి స్థితిలో ఉన్నవి ఎక్కువగా దొరకడానికి ఒక కారణం ఉంది. డాలరు ముద్రణ ఆగిపోయిన ఆ కాలంలో ఇవి చాలావరకు చేతులు మారకుండా, బ్యాంకుల మధ్య సంచులలో తిరిగాయి.

అపోహ: నల్లబడిన వెండిని శుభ్రం చేస్తే గ్రేడు పెరుగుతుంది.

వాస్తవం: పండుగకు వెండి కుందులను చింతపండుతో, విభూతితో తోమే అలవాటు మన చేతులకు పట్టి ఉంది, వెండి అంటే కడిగిన ముత్యంలా ఉండాలన్న ఆశ అక్కడిదే. కుందికి అది మంచిదే, నాణేనికి మాత్రం చేటు. బూడిదలోని గరుకు పదార్థం వెండి మీద వెంట్రుకంత సన్నని గీతలను ఒకే దిశలో వేస్తుంది. రుద్దకుండా ఆమ్ల ద్రావణంలో ముంచినా, నలుపుతో పాటు పైపొర వెండి కూడా కొద్దిగా పోతుంది. పదే పదే ముంచితే నేను పైన చెప్పిన చారలు కరిగిపోయి, బండిచక్రపు వెలుగు మళ్లీ రాదు.

నేను ఈ పనిలోకి వచ్చిన తొలి రోజుల్లో, ఒక నాణేల ప్రదర్శనలో తళతళలాడుతున్న 1808 అర డాలరును చూసి ముచ్చటపడి, ఏయూ ధర పెట్టి కొన్నాను. గ్రేడింగుకు పంపితే అంకె లేకుండా ‘ఏయూ డీటెయిల్స్, క్లీన్డ్’ (వివరాలు ఏయూ స్థాయివే గానీ, శుభ్రం చేసినది) అన్న చీటీతో వచ్చింది. అప్పుడు దీపం కింద తిప్పి చూస్తే, ఒక కోణంలో నాణెం మొత్తం తుడిచిన గాజు పలకలా గీతలతో నిండి కనిపించింది. కొనేటప్పుడు ఆ కోణంలో చూడాలని నాకు తోచలేదు. ప్రదర్శన హాళ్లలోని ట్యూబులైట్ల పరుచుకున్న వెలుగులో ఆ గీతలు కనిపించవు. అందుకే ఇప్పుడు నా సంచిలో ఒక చిన్న దీపం ఉంటుంది.

మట్టి, జిడ్డు ఉంటే శుద్ధమైన అసిటోనులో ముంచి, రుద్దకుండా ఆరనిస్తే చాలు. అది వెండిని తాకదు.

అపోహ: 70కి 60 వచ్చిందంటే 86 శాతం మార్కులు వచ్చినట్టు.

వాస్తవం: ఈ కొలమానాన్ని విలియం షెల్డన్ 1949లో తొలినాటి పెద్ద రాగి సెంట్ల కోసం రూపొందించారు. అత్యంత హీనస్థితిలో ఒక డాలరు చేసే సెంటు పరిపూర్ణ స్థితిలో 70 డాలర్లు చేస్తుందన్న ఆనాటి ధరల లెక్క నుంచి ఆ అంకె వచ్చింది. ధరలు ఎప్పుడో మారిపోయాయి, అంకెలు మాత్రం మిగిలాయి. చలామణిలో అరగని నాణేలన్నీ 60 నుంచి 70 లోపలే సర్దుకోవాలి. కాబట్టి దెబ్బలు నిండిన ఎంఎస్-60 (అరగని నాణేలలో అతి తక్కువ గ్రేడు) కన్నా, చెంప మీద లేశమాత్రం ఒరిపిడి ఉన్న ఏయూ-58 చాలాసార్లు అందంగా ఉంటుంది. నన్నడిగితే రెండోదే కొనమంటాను.

అపోహ: వ్యాసం అటూ ఇటూగా ఉన్నా, అంచు మీద గీట్లకు బదులు అక్షరాలు ఉన్నా అది నకిలీ.

వాస్తవం: 1836కు ముందటి అర డాలర్లను చుట్టూ బిగుతైన వలయం లేకుండా ముద్రించేవారు, అందువల్ల వ్యాసంలో కొద్దిపాటి తేడా సహజం. అంచు మీది ‘ఫిఫ్టీ సెంట్స్ ఆర్ హాఫ్ ఎ డాలర్’ అన్న అక్షరాలను ముద్రకు ముందే రెండు పలకల నడుమ బిళ్ళను దొర్లించి ఒత్తేవారు. అనుమానించవలసింది అవి లేనప్పుడు. బరువు మాత్రం 13.48 గ్రాములకు దగ్గరగా ఉండాలి. అరుగుదలకు సరిపోనంత తేడా వస్తే ఆ నాణేన్ని పక్కన పెట్టండి.

అపోహ: గ్రేడింగ్ సంస్థ ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పంపిన నాణెం గ్రేడు ఇక మారదు.

వాస్తవం: పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో పని మొదలుపెట్టినప్పటి నుంచి ఈ వ్యాపారంలో నమ్మకం బాగా పెరిగింది, అందులో సందేహం లేదు. అయితే గ్రేడు అనేది కొందరు నిపుణులు కంటితో చూసి చెప్పే అభిప్రాయం. నాణేన్ని పెట్టె నుంచి తీసి మళ్లీ పంపితే ఎక్స్ఎఫ్-45 (ఏయూకు ఒక మెట్టు కింది గ్రేడు) కాస్తా ఏయూ-50 కావడం, అప్పుడప్పుడు అందుకు విరుద్ధంగా జరగడం నేను చూశాను. పైగా ఈ మధ్య నకిలీ నాణేలతో పాటు నకిలీ పెట్టెలు కూడా వస్తున్నాయి. పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో వెతికి, అక్కడ ఫొటో ఉంటే దాన్ని చేతిలోని నాణెంతో గీత గీతా పోల్చుకోండి. నకిలీదారు సంఖ్యను యథాతథంగా దింపగలడు గానీ, అసలు నాణెం మీద రెక్క పక్కన పడిన చిన్న నొక్కునూ, ఆకురాయి వదిలిన మూడు గీతలనూ అదే చోట, అదే లోతులో మళ్లీ పుట్టించడం వాడికి చాలా కష్టం.