పద్దెనిమిది దాటిన పిల్లలు

మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టుతప్పే సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, వాటికి తోడు ఫిట్స్. ఇవన్నీ ఉన్న కుర్రాడికి పద్దెనిమిదేళ్లు నిండిన రోజున ఇంట్లో ఏమీ మారదు. ఫిట్స్ మందు వేళ తప్పకుండా వేయాలి. అన్నం మెత్తగా మెదిపి కొంచెం కొంచెంగా పెట్టాలి, లేదంటే పొలమారుతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేదంటే నడుము దగ్గర పుండ్లు పడతాయి. మారేదల్లా కాగితాల్లోనే. ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో తల్లిదండ్రులు అతనికి సంరక్షకులు కారు. బ్యాంకు సంతకం అతన్నే పెట్టమంటుంది. స్పెషల్ స్కూలు ఇక మా దగ్గర చోటు లేదంటుంది.

ఆ తర్వాత అతను ఎక్కడ ఉండాలి, ఎవరు చూడాలి అన్న ప్రశ్నకు మన దేశంలో వందేళ్లకు పైబడిన చట్టాల చరిత్ర ఉంది. ఆ చరిత్ర చాలాకాలం రోగిని చూసింది, పసివాణ్ని చూసింది. ఎదిగిన మనిషిని చూడటం ఆలస్యంగా మొదలుపెట్టింది.

1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం మానసిక రోగులనూ, పుట్టుకతో మేధో వైకల్యం ఉన్నవారినీ ఒకే నిర్వచనంలో కలిపేసింది. ఇంట్లో చూసుకోలేని వాళ్లు ఎవరైనా సరే, చేరేది ఒకే పిచ్చాసుపత్రి. ఆ చట్టం స్థానంలో 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం ఈ కలగలుపును తీసేసింది. మేధో వైకల్యం జబ్బు కాదు, మందులతో నయం చేసేది కాదు కనుక అది దీని పరిధిలోకి రాదంది. వైద్యపరంగా సరైన మాటే. ఆసుపత్రి తలుపు మూసినవాళ్లు ఇంకో తలుపు మాత్రం తెరవలేదు. ఆ తలుపు కోసం 1995లో వికలాంగుల చట్టం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా తీవ్ర వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం సంస్థలు 'పెట్టవచ్చు' అని చెప్పి ఊరుకుంది.

ఈ కాలంలో హైదరాబాద్‌లో జరిగినది ఇక్కడ చెప్పుకోవాలి. 1968లోనే నగరంలో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ మొదలైంది. 1984లో సికింద్రాబాద్ బోయినపల్లిలో కేంద్ర ప్రభుత్వం మేధో వైకల్యానికి జాతీయ సంస్థను పెట్టింది. ఇవాళ నీపిడ్ అని పిలిచేది దాన్నే. దేశమంతటికీ స్పెషల్ టీచర్లను తయారుచేయడంలో ఆ సంస్థ పాత్ర పెద్దది. అయితే అప్పట్లో అందరి ధ్యాసా పిల్లల మీదే. త్వరగా గుర్తించడం, శిక్షణ ఇవ్వడం, బడికి పంపడం. తప్పు పట్టడానికీ లేదు, ఎందుకంటే అప్పటికి ఆయుష్షు లెక్కే వేరు. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ (క్రోమోజోమ్ తేడాతో పుట్టుకతోనే వచ్చే మేధో వైకల్యం) ఉన్నవారి సగటు ఆయుర్దాయం 1983లో పాతికేళ్లు. ఇప్పుడు అరవైకి చేరింది. గుండె ఆపరేషన్లు, మంచి మందులు, సంస్థల్లో కాకుండా ఇళ్లలో పెరగడం కలిసి తెచ్చిన మార్పు అది. మన దగ్గరా నడక అటే. తల్లిదండ్రుల చేతుల్లోనే పోతారనుకున్న బిడ్డలు వాళ్ల తర్వాతా ఉంటున్నారు.

దీన్ని ముందుగా పసిగట్టింది ప్రభుత్వం కాదు, తల్లిదండ్రులు. ఊరూరా ఏర్పడిన వాళ్ల సంఘాలు 1995లో 'పరివార్' పేరుతో ఒక సమాఖ్య అయ్యాయి. వాళ్ల ఒత్తిడి ఫలితంగానే 1999 డిసెంబరులో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు దాని పరిధి. తల్లిదండ్రులు పోయాక ఆ వ్యక్తి సంరక్షణకు ఏర్పాట్లు చేయడం తన లక్ష్యాల్లో ఒకటని ఆ చట్టం నేరుగా రాసుకుంది. ఆ చట్టం కింద ఏర్పడిన ట్రస్టుకు మూలనిధిగా కేంద్రం 100 కోట్ల రూపాయలిచ్చింది. అప్పటికి పెద్ద మొత్తమే. దేశం మొత్తానికి, అదీ వడ్డీ మీద నడవాలంటే ఎంత అవుతుందో లెక్కవేసుకోవచ్చు.

ఆ చట్టంలో జనానికి బాగా తెలిసినది గార్డియన్‌షిప్. కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి కలిసిన కమిటీ జిల్లాలో ఉంటుంది. వైకల్య సర్టిఫికెట్ జతచేసి అర్జీ పెట్టుకుంటే ఆ కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. ఆ సంరక్షకుడు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్క చెప్పాలి. కోర్టుల చుట్టూ తిరగకుండా కలెక్టరేట్‌లో పని అయిపోవడం నిజంగా పెద్ద ఊరట. అయితే కలెక్టరు టేబుల్ మీద భూముల తగాదాల నుంచి తుపాను సహాయం దాకా వంద ఫైళ్లుంటాయి. పైగా ఈ కాగితం చెప్పేది సంతకం ఎవరు పెట్టాలో మాత్రమే. రాత్రి రెండు గంటలకు పక్కకు తిప్పేదెవరో చెప్పదు.

ఆ పనికి ట్రస్టు 'ఘరౌందా' పథకం పెట్టింది. పద్దెనిమిదేళ్లు దాటినవారికి జీవితాంతం ఉండే గ్రూప్ హోమ్ ఇది. కొద్దికాలం ఉంచుకునేందుకు 'సమర్థ్' మొదట వేరే ఉండేది, తర్వాత రెండింటినీ కలిపేశారు. ఆలోచన బాగుంది. కానీ 2011 జనగణనలో మేధో వైకల్యం ఉన్నవారు 15 లక్షలు, బహుళ వైకల్యాలున్నవారు 21 లక్షలు. పథకం నడిచేది ముందుకొచ్చిన స్వచ్ఛంద సంస్థల భుజాల మీద, ఒక్కో ఇంటికి కొద్దిమంది లెక్కన.

సంస్థలంటే భయం పుట్టడానికి కారణాలున్నాయి. బ్రిటన్‌లో మేధో వైకల్యం ఉన్నవారిని ఉంచిన ఈలీ ఆసుపత్రి దారుణాలపై 1969లో నివేదిక వచ్చింది. న్యూయార్క్‌లోని అలాంటిదే అయిన విల్లోబ్రూక్‌ను 1987లో మూసేశారు. వందలు, వేలమందిని కుక్కిన అలాంటి సంస్థలను పాశ్చాత్య దేశాలు ఖాళీ చేసుకుంటూ వచ్చాయి. మన దగ్గర అంతంత పెద్దవి లేవు, మా కుటుంబ వ్యవస్థ గొప్పది అని మనవాళ్లు అంటుంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం తక్కువ. మన దగ్గర ఆ సంస్థ పేరు అమ్మ. ఆమెకు షిఫ్టు లేదు, సెలవు లేదు, రిటైర్మెంటూ లేదు.

అమ్మ చేయి దాటిన చోట ఏం జరిగిందో 2001 ఆగస్టు 6న దేశం చూసింది. తమిళనాడు ఎర్వాడిలో దర్గా దగ్గర ఒక ప్రైవేటు గృహంలో తెల్లవారుజామున మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది, లైసెన్సుల మీద, తనిఖీల మీద కదలిక వచ్చింది.

ఎనిమిదేళ్ల తర్వాత చండీగఢ్‌లో ఇంకో సంగతి. నారీ నికేతన్ అనే ప్రభుత్వ మహిళా గృహంలో ఉంటున్న, కొద్దిపాటి మేధో వైకల్యం ఉన్న ఒక యువతిపై అక్కడే అత్యాచారం జరిగి ఆమె గర్భవతి అయింది. బిడ్డ కావాలని ఆమె అంటుంటే హైకోర్టు గర్భస్రావం చేయించమంది. 2009 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. గర్భస్రావ చట్టం సంరక్షకుడి సమ్మతితో సరిపెట్టుకోనిచ్చింది మైనర్ల, మానసిక రోగుల విషయంలోనే తప్ప మేధో వైకల్యం ఉన్న పెద్దవారి విషయంలో కాదని చెప్పింది. 1987లో వీళ్లను ఆసుపత్రి బయట నిలబెట్టిన గీతే ఈసారి ఆమెను కాపాడింది. ఆమె ఎదిగిన మనిషి, ఆమె మాట వినాలి అని మన న్యాయవ్యవస్థ గట్టిగా చెప్పిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారత్ 2007లోనే ఆమోదించింది. దానికి తగ్గట్టు 2016లో కొత్త వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. సమాజంలో అందరి మధ్యా బతకడం హక్కు అని, ఫలానా చోటే ఉండాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని అంది. మరుసటి ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. ఇంట్లో వాళ్లు తీసుకెళ్లలేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచేయకూడదంది. మేధో వైకల్యాన్ని మాత్రం ఇది కూడా తన నిర్వచనం బయటే ఉంచింది.

ఇక్కడే రెండూ ఉన్నవాళ్లు ఇరుక్కుంటారు. మేధో వైకల్యంతో పాటు మానసిక జబ్బు, లేదా కోపం వస్తే కొట్టడం, తల గోడకేసి బాదుకోవడం. హోమ్‌లో చేర్చుకునేముందు అడిగే ప్రశ్నలు చూస్తే తెలుస్తుంది: తనంతట తాను తింటాడా, బాత్రూమ్‌కి వెళ్తాడా, ఫిట్స్ వస్తాయా, ఎవరినైనా కొడతాడా. జవాబులు అటూ ఇటూ అయితే "ఇది సైకియాట్రీ కేసండీ" అంటారు. మానసిక ఆసుపత్రికి వెళ్తే "ఇది పుట్టుకతో వచ్చింది కదమ్మా, హోమ్‌లో చేర్చండి" అంటారు. ఎంత ఎక్కువ సాయం కావాలో అంత తక్కువ చోట్ల తలుపు తెరుచుకుంటుంది.

ఎవరినీ కాదనలేనిది ప్రభుత్వ గృహమే. అందుకే అది కిక్కిరిసిపోతుంది. ఢిల్లీ రోహిణిలోని ఆశా కిరణ్‌లో 2024 జూలై ఒక్క నెలలోనే డజనుకు పైగా చనిపోయారు. సామర్థ్యానికి మించి మనుషులున్నారన్న మాట అంతకు చాలా ఏళ్ల ముందునుంచీ వినపడుతున్నదే. ఇలాంటి ప్రభుత్వ సంరక్షణ గృహాలను దేశమంతటా పరిశీలించే బాధ్యతను జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు అప్పగిస్తూ 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

చిన్న ఇళ్లు సాధ్యమేనని చూపినవాళ్లూ ఉన్నారు. చెన్నైలోని బన్యన్ సంస్థ, ఏళ్ల తరబడి మానసిక ఆసుపత్రుల్లో ఉండిపోయిన మహిళలను నలుగురైదుగురిని కలిపి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంచి, తోడుగా ఒక మనిషిని పెట్టింది. వాళ్లే వండుకుంటారు, సంతకెళ్తారు.

అయితే మంచం దిగలేని మనిషికి అదే పద్ధతి కావాలంటే జీతాల దగ్గరే లెక్క ఆగుతుంది. వారానికి 168 గంటలు. ఒక ఆయా 48 గంటలు పనిచేస్తే, ఎప్పుడూ ఒకరు పక్కన ఉండాలంటే మూడున్నర మంది కావాలి. ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి 2016 చట్టంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికే పరిమితమైనవారి పింఛనును 2024లో 15,000 రూపాయలు చేశారు, మిగతా దివ్యాంగులకు 6,000. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023లో 4,016 అయింది. ఆ 15,000తో పగటి పూట ఒక ఆయాను పెట్టుకోవచ్చేమో. రాత్రి షిఫ్టు ఇప్పటికీ అమ్మదే.