నాలుగో క్వార్టర్‌లో 27 ఫ్రీ త్రోలు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో హోరాహోరీ మ్యాచ్ ఒక్క విజిల్‌తో అటో ఇటో తేలిందంటే చాలు, ఓడిన జట్టు అభిమానులు "ముందే ఫిక్స్ చేశారు" అంటారు. కోపంలో అనే మాటే, కానీ దాని వెనక పాత కథ ఉంది. తవ్వుకుంటూ పోతే 2002 మే 31 దగ్గర తేలతాం.

ఆ రోజు లాస్ ఏంజిలిస్‌లో, సొంత ఊరి జట్టు లేకర్స్‌తో వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ (సెమీఫైనల్ లాంటి ఏడు మ్యాచ్‌ల సిరీస్) ఆరో మ్యాచ్. సీజన్‌లో 61 మ్యాచ్‌లు గెలిచిన శాక్రమెంటో కింగ్స్ 3-2తో ముందుంది. ఇంకొక్కటి గెలిస్తే ఫైనల్. మొదటి మూడు క్వార్టర్లలో కలిపి లేకర్స్‌కి 13 ఫ్రీ త్రోలు (ఎదుటి జట్టు ఫౌల్ చేస్తే ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) వచ్చాయి. నాలుగో క్వార్టర్ ఒక్కదాంట్లోనే 27! లేకర్స్ ఆటగాడు షకీల్ ఓ'నీల్‌ని అడ్డుకోవాల్సిన కింగ్స్ ఆటగాళ్లు డివాచ్, పొలార్డ్ ఇద్దరూ ఆరేసి ఫౌళ్లతో బయటికెళ్లిపోయారు. ఆఖరి క్షణాల్లో లేకర్స్ ఆటగాడు కోబీ బ్రయంట్ మోచెయ్యి తగిలి కింగ్స్ ఆటగాడు మైక్ బిబీ ముక్కు నుంచి రక్తం కారింది. ఆ మోచేతికి విజిల్ మోగలేదు. లేకర్స్ 106-102తో గెలిచింది. వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు రాల్ఫ్ నేడర్ అయితే ఏకంగా లీగ్ కమిషనర్ డేవిడ్ స్టెర్న్‌కి లేఖ రాశారు.

కింగ్స్ అభిమానులు పెద్దగా ఎత్తని సంగతి ఒకటుంది. ఏడో మ్యాచ్ వాళ్ల సొంత ఊళ్లోనే జరిగింది. అక్కడ 30 ఫ్రీ త్రోలు దొరికితే 14 పోగొట్టుకున్నారు, ఓవర్‌టైమ్‌లో ఓడారు. ఆరో మ్యాచ్‌లో మామూలుగా ఫ్రీ త్రోలంటే తడబడే ఓ'నీల్ 17కి 13 వేశాడు. ఆ లెక్కలో రిఫరీల పాత్రేమీ లేదు.

ఇదంతా మామూలు అక్కసుగానే మిగిలిపోయేదేమో. కానీ 2007లో టిమ్ డొనాగీ అనే రిఫరీ బెట్టింగ్ కేసులో నేరం ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది కోర్టుకిచ్చిన లేఖలో, 2002లో ఒక సిరీస్‌ను ఏడో మ్యాచ్‌ దాకా లాగడానికి ఇద్దరు రిఫరీలు ఒక జట్టుకు కొమ్ముకాశారని ఆరోపించాడు. జట్టు పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో (నాకౌట్ దశలో) ఏడు మ్యాచ్‌లు నడిచిన సిరీస్ అదొక్కటే. స్టెర్న్ కొట్టిపారేశారు. లీగ్ వేయించిన విచారణలో నేరం డొనాగీది మాత్రమేనని తేలింది. డొనాగీ ఆ మ్యాచ్‌కి రిఫరీ కూడా కాదు. అయినా అనుమానానికి ఆ మాత్రం నిప్పురవ్వ చాలదా?

లీగ్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. అదే సిరీస్ నాలుగో మ్యాచ్‌లో మొదటి సగం టైమ్ అయిపోయాక లేకర్స్ ఆటగాడు సమాకీ వాకర్ చేతి నుంచి వెళ్లిన బంతికి మూడు పాయింట్లు ఇచ్చేశారు. ఆ మ్యాచ్‌ని లేకర్స్ ఒక్క పాయింటుతో గెలిచింది. తర్వాతి సీజన్ నుంచే బజర్ షాట్లకు (టైమ్ ముగిసే క్షణంలో వేసే షాట్లకు) రీప్లే వచ్చింది. 2015లో హోరాహోరీ మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల్లో రిఫరీల నిర్ణయాలు సరైనవో కావో చెప్పే నివేదికలు, 2019లో కోచ్ ఛాలెంజ్ (రిఫరీ నిర్ణయాన్ని రీప్లేలో మళ్లీ చూడమని కోచ్ అడిగే వీలు) వచ్చాయి. ఆ నివేదిక తప్పుని ఒప్పుకుంటుంది, ఫలితం మాత్రం మారదు. రీవాల్యుయేషన్‌లో మార్కులు పెరిగాయని చెప్పి పాత మెమోనే చేతిలో పెట్టినట్టు.

2023 జనవరి 28న బోస్టన్‌లో స్కోరు సమంగా ఉండగా, లేకర్స్ ఆటగాడు లెబ్రాన్ ఆఖరి షాట్ వేస్తుంటే బోస్టన్ ఆటగాడు టేటమ్ అతని చేతి మీద కొట్టాడు. విజిల్ లేదు. ఓవర్‌టైమ్ మొదలయ్యేలోపు లేకర్స్ ఆటగాడు పాట్రిక్ బెవర్లీ ఓ ఫొటోగ్రాఫర్ కెమెరా తెచ్చి రిఫరీకి ఫొటో చూపించబోయాడు. టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తనకి వేసే ఫౌల్) అతనికే పడింది. పొరపాటు జరిగిందని మ్యాచ్ అయ్యాక రిఫరీలు ఒప్పుకున్నారు. అప్పటికే బోస్టన్ 125-121తో గెలిచేసింది.