పోరులో పోయినవాడికి వీరగల్లు, పట్టుబడినవాడికి?

రాయలసీమ పల్లెల్లో పొలాల్లో, గుళ్ల ముందర వీరగల్లులు, అంటే పోరులో పోయినవాళ్ల గుర్తుగా నిలిపిన చెక్కుడు రాళ్లు, కనబడతాయి. చాలావాటిలో మూడు అరలుంటాయి. కింద పోరు, నడుమ వీరుణ్ణి పైకి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగం ముందు వీరుడు. ఆవుల మందను విడిపించబోయి ప్రాణం పోగొట్టుకున్న మామూలు మనిషికీ వీటిని నిలిపారు. యూరప్‌లో సామాన్య సిపాయిల పేర్లు పెద్ద ఎత్తున రాతికెక్కింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే.

కానీ శత్రువుకు చిక్కి, ఎక్కడో బందీగా పోయినవాడికి మన దగ్గర ఏ గుర్తూ లేదు. సీమ చరిత్రలో నన్ను బాధపెట్టే వెలితి ఇదే.

గుత్తినే చూడండి. 1776లో హైదర్ అలీ ముట్టడిలో కోటలో నీళ్లు అయిపోయి, గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే లొంగిపోయాడు. ఆయన్ని ఇప్పటి కర్ణాటకలోని కబ్బాళదుర్గం కొండకోటలో బంధిస్తే అక్కడే చనిపోయాడు. గుత్తి కొండ అంచున ఆయన కూర్చునేవాడని చెప్పే చిన్న మండపం ఉంది, అంతే. అదే గుత్తిలో మద్రాసు గవర్నర్ థామస్ మన్రోకు సమాధి కట్టారు. 1827లో పత్తికొండలో కలరాతో పోయిన ఆయన అస్థికలను తర్వాత మద్రాసుకు తరలించారు. అయినా ఇక్కడి గుర్తు చెరగలేదు.

కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఈస్టిండియా కంపెనీ సేన 1839లో పట్టుకుని తిరుచిరాపల్లికి పంపింది. మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విషయంలో మాత్రం కథ తిరగబడింది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనం చూస్తుండగా ఉరి తీశారు. తలను కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా దించలేదంటారు. భయపెట్టడానికి చేసిన పని అది. జనం మాత్రం పాటలు కట్టుకుని పాడుకున్నారు. ఇప్పుడు ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరే ఉంది.

చావు కళ్లెదుట జరిగితే ఊరు గుర్తు పెట్టుకుంటుంది. బందీ చావు కబురుగా వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. 1971 యుద్ధంలో గల్లంతై పాకిస్తాన్ జైళ్లలో ఉన్నారని భారత్ నమ్మే 54 మంది సంగతీ అంతే. తమ దగ్గర లేరని పాకిస్తాన్ అంటుంది. ఆ ఇళ్లలో కర్మ చేయాలో, ఎదురుచూడాలో చెప్పేవాళ్లు లేరు.