"ఊరికే" అన్న మాట వెనుక: బెజవాడలో పిల్లలు, బొమ్మలు, చికిత్స

విజయవాడ రైల్వేస్టేషన్‌లో ఒంటరిగా కనిపించిన పిల్లవాణ్ని "ఇల్లు వదిలి ఎందుకొచ్చావు నాన్నా?" అని అడిగితే తరచూ వచ్చే జవాబు ఒకటే: "ఊరికే." ఆ మాట వెనుక తాగి వచ్చి కొట్టే తండ్రి ఉండవచ్చు, తల్లి మరణం ఉండవచ్చు, అప్పులవాళ్లు తలుపు బాదిన రాత్రులు ఉండవచ్చు. పదేళ్లవాడికి అవన్నీ వరుసగా చెప్పే భాష ఉండదు. ఉన్నా, ఇంటిగుట్టు బయటపెట్టానన్న భయం నోరు నొక్కేస్తుంది. అలాంటి బిడ్డ చేతికి కాగితం, రంగులు, మట్టి, బొమ్మలు ఇచ్చి పక్కన కూర్చునే పనినే ఇప్పుడు ఆర్ట్ థెరపీ, ప్లే థెరపీ, డ్రామా థెరపీ అంటున్నారు. మన దగ్గర ఇది కొత్తగా వినిపిస్తున్నా దీని వెనుక దాదాపు నూరేళ్ల కథ ఉంది.

ఉత్తరాన ఢిల్లీ నుంచి, తూర్పున హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలుమార్గాలు కలిసేది బెజవాడలోనే. ఇల్లు వదిలిన పిల్లలు ఇక్కడ దిగడానికి ఆ జంక్షనే కారణం. వీధి బాలల కోసం 1989లో నవజీవన్ బాలభవన్ ఈ నగరంలో మొదలైంది. అప్పటి అవసరాలు కళ్లెదుటే ఉన్నాయి: అన్నం, పడక, వైద్యం, చిరునామా కనుక్కొని ఇల్లు చేర్చడం. అయితే ఇంట్లో కారణం అలాగే ఉంటే పిల్లవాడు మళ్లీ రైలెక్కుతాడు. మనసులో ఏముందో తెలుసుకోవలసిన అవసరం అక్కడి నుంచే వచ్చింది.

ఆ దారి మొదట పడింది లండన్‌లో. 1920ల చివర మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే డాక్టరు తన క్లినిక్‌లో ఒక ఇసుక తొట్టె, బొమ్మల పెట్టె ఉంచారు. పిల్లలే ఆ రెండింటినీ కలిపి ఇసుకలో తమ లోకాలను కట్టుకోవడం మొదలుపెట్టారు. 1940లలో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు క్షయ రోగుల శానిటోరియంలో బొమ్మలు వేస్తూ, వేయిస్తూ "ఆర్ట్ థెరపీ" అన్న పేరు పెట్టాడు.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి జీవితం. నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజీన్‌లో ఆమె పిల్లలకు రహస్యంగా బొమ్మలు నేర్పింది. కాగితం దొరకని చోట ఆఫీసు చిత్తుకాగితాల వెనుక వేయించింది. పిల్లలు వాటి మీద తమ పేర్లు రాసుకున్నారు. 1944లో ఆష్విట్జ్ మృత్యుశిబిరానికి తరలించేముందు ఆమె దాదాపు 4,500 బొమ్మలను రెండు సూట్‌కేసుల్లో దాచింది. ఆమె తిరిగి రాలేదు, ఆ పిల్లల్లో ఎక్కువమందీ తిరిగి రాలేదు. సూట్‌కేసులు మిగిలాయి. ఆమె శిష్యురాలు ఈడిత్ క్రామర్ అమెరికా వెళ్లి, చెదిరిన కుటుంబాల పిల్లలతో పనిచేసి, ఆర్ట్ థెరపీకి పునాదులు వేసినవారిలో ఒకరయ్యారు.

మనకు పిల్లల ఆటపాటలు కొత్తవేమీ కావు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి, రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా తెలుగు పిల్లలకు దగ్గరయ్యారు. విజయవాడ పక్కనే కొండపల్లి. అక్కడ తెల్లపొణికి చెక్కతో చేసి, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికించే బొమ్మల్లో తాటిచెట్టెక్కే గీత కార్మికుడు ఉంటాడు, ఎడ్లబండి ఉంటుంది, ఇంటి పనుల్లో మునిగిన ఆడవాళ్లు ఉంటారు. ఇసుక తొట్టెలో ఒక ఊరు, ఒక ఇల్లు కట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ మనం ఈ సంపదనంతా వేదికకూ బహుమతికీ ముడిపెట్టేశాం. బడిలో బొమ్మ అంటే పోటీ, పాట అంటే వార్షికోత్సవం. చప్పట్లు ఆశించని బొమ్మకు, చెత్తగా వచ్చినా ఫరవాలేని బొమ్మకు చోటు లేకుండా పోయింది.

చట్టంలోనూ ఇదే విభజన ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 53వ సెక్షన్ సంరక్షణ గృహాల్లో అందాల్సిన సేవలను వివరిస్తుంది. కౌన్సెలింగ్‌తో కూడిన మానసిక ఆరోగ్య సేవలు ఒక అంశం. ఆటలు, సాంస్కృతిక కార్యక్రమాలు ఇంకో అంశం. బొమ్మతో మనసు కుదుటపరిచే పని ఈ రెండింటి నడుమా పడిపోతుంది. హోమ్‌లో డ్రాయింగ్ క్లాసు జరిగితే రెండో గడి నిండుతుంది, మొదటిది ఖాళీగానే ఉంటుంది.

చిన్ననాటి గాయాలను చూసే తీరు మారడం 1998లో మొదలైంది. అమెరికాలో ఫెలిట్టి, అండా అనే డాక్టర్లు వేలమంది పెద్దవాళ్లను అడిగి చేసిన అధ్యయనం, చిన్నప్పటి హింస, ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం వంటివి ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక గుండెజబ్బులు, కుంగుబాటు వచ్చే అవకాశం అంత ఎక్కువని చూపింది. మన దేశంలో 2004లో కోల్‌కతాలో సోహిని చక్రవర్తి మొదలుపెట్టిన సంవేద్ సంస్థ, అక్రమ రవాణా నుంచి బయటపడిన ఆడపిల్లలతో నృత్యాన్ని చికిత్సగా వాడింది. 2020లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో, కష్టాల్లో ఉన్న పిల్లల కోసమే సంవాద్ అనే విభాగం ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది, కోవిడ్‌కు తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లలకు రాష్ట్రం, కేంద్రం చెరో రూ.10 లక్షల సాయం ప్రకటించాయి. ఆ డబ్బు అవసరమే. రాత్రి ఉలిక్కిపడి లేచే పిల్లతో ఎవరు కూర్చోవాలన్నది మాత్రం తేలలేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచినప్పుడూ అంతే. మేడమీద నీళ్ల మధ్య రోజులు గడిపిన పిల్లలు చాలామంది. ఇంట్లో అప్పటికే గొడవలుంటే వరద వాటిని ఇంకా పెంచింది.

ఈ చికిత్స ఎలా సాగుతుందో దగ్గర నుంచి చూద్దాం. ప్రతి వారం అదే రోజు, అదే వేళ, అదే చాప. ఒక పాప ఇసుకలో ఇల్లు కట్టి, మగబొమ్మను దూరంగా పాతిపెట్టిందనుకోండి. పక్కనున్న థెరపిస్టు "వీడు మీ నాన్నా?" అని అడగదు. "ఈయన ఇసుక కింద ఉన్నాడు" అని చూసింది చూసినట్టు అంటుంది. పాప తలూపవచ్చు, ఊరుకోవచ్చు. మూడు వారాల తర్వాత తనే తవ్వి తీసి గుమ్మం దగ్గర నిలబెట్టవచ్చు, లేదా మళ్లీ పాతిపెట్టవచ్చు. నలుపు వాడితే దుఃఖం, ఎరుపు వాడితే కోపం అని జాతకం చెప్పేవాళ్లను దగ్గరకు రానివ్వకూడదు. ఈ పద్ధతుల మీద జరిగిన పరిశోధనల్లో చాలావరకు చిన్నవే. తీవ్రమైన భయాలున్న పిల్లలకు, వాళ్ల కోసమే రూపొందించిన ప్రవర్తనా చికిత్సలకు ఇంతకన్నా గట్టి ఆధారాలున్నాయి. ఇంట్లో కొట్టడం ఆగకపోతే ఏ రంగూ ఆ బిడ్డను కాపాడదు, ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోను చేయాలి.

ఎవరు చేయాలన్న ప్రశ్నకు కొంత జవాబు 2021లో దొరికింది. ఆ ఏడాది వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో ఆర్ట్, డ్యాన్స్, మూవ్‌మెంట్ థెరపిస్టులను చేర్చింది. శిక్షణ పొందినవాళ్లు అందరికీ అందేదాకా హోమ్‌లలోని వార్డెన్లు, టీచర్లు ఒక పని చేయవచ్చు. దాతలు వచ్చిన రోజున పిల్లల బొమ్మలను గోడకు అంటించడం మానేయవచ్చు. ఒక్కొక్కరికీ ఒక అట్ట ఫైలు ఇచ్చి, పైన వాళ్ల పేరు వాళ్లచేతే రాయించి, తెరవాలా వద్దా అన్నది వాళ్లకే వదిలేయవచ్చు.