అరకు వెళ్తే చదివింది మరిచిపోతామా?

చిరంజీవులు పెద్దమ్మాయికీ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవుల్లో అరకు వెళ్తే నవంబరు పరీక్షకి చదివిందంతా మరిచిపోతానేమోనని పెద్దమ్మాయి ఫోన్లో అడిగింది. ఆ జూనియర్ సైన్స్ ఒలింపియాడ్ తొలి పరీక్షలో రెండు గంటల్లో 60 ప్రశ్నలు చేయాలి, అందులో 48 ప్రశ్నలకి తప్పు పెడితే మార్కు కోత. పైగా బడి పరీక్షలు వేరే. భయం ఉండటం న్యాయమే.

మరిచిపోతావు తల్లీ, కొంత మరిచిపోవాలి కూడా. మీ అమ్మమ్మ ఆవకాయ పెట్టడం చూశారుగా. కలిపిన రోజు ముక్క ముక్కే, కారం కారమే. జాడీకెత్తి వాసెన కట్టేస్తుంది. మూడో నాడు విప్పి, అడుగుది పైకి వచ్చేలా తిరగగలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోస్తుంది. పూటకోసారి మూత తీసి కెలికితే బూజు పడుతుంది. అసలు తీయకపోతే పైముక్క ఊరదు. చదువూ అంతే. మర్చిపోబోతున్న సమయానికి వెళ్లి తిరగేస్తే గట్టిపడుతుంది. ప్రశ్న చూడగానే వెనకపేజీలో జవాబు చూడటం తడి గరిటె పెట్టడంలాంటిది. జాడీ మొత్తం పాడవుతుంది. (ఇంకా సాగదీస్తే నూనె ధర దాకా వెళ్తాను, ఆపుతున్నా.)

కాబట్టి పుస్తకాల సంచీ మోసుకెళ్లొద్దు. మోస్తే బరువూ దండగ, చదవలేదన్న బెంగా దండగ, కిటికీలోంచి చూసిందీ ఉండదు. బయల్దేరే ముందురోజు పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాయి. తప్పినవి ఓ ఇరవై సన్నపాటి నోటు పుస్తకంలోకి ఎక్కించు. ప్రశ్నలు మాత్రమే, జవాబులు ఇంట్లోనే ఉండాలి. మూడో రోజు పొద్దున, టిఫిన్‌కి ముందు, అరగంట కూర్చుని చెయ్యి. రానివాటికి చుక్క పెట్టు, అంతే, వాటితో కుస్తీ వద్దు. తిరిగొచ్చాక జవాబులు సరిచూసుకుని, వారానికి చుక్కపెట్టినవి మళ్లీ చెయ్యి, ఇంకో రెండు వారాలకి మళ్లీ. నోట్సు నాలుగుసార్లు చదివితే వచ్చినట్టే ఉంటుంది, తీరా హాల్లో కలం కదలదు. ఎందుకంటే చదివినప్పుడు కళ్లు గుర్తుపడతాయి గానీ, దాన్ని వెతికి బయటికి తీసే పని బుర్ర చేయదు.

నిద్ర తగ్గించొద్దు. పగలు నేర్చింది కుదురుకునేది రాత్రి నిద్రలోనే. అందుకే సెలవుల ఆఖరి రాత్రి రైలు దిగి తిన్నగా బడికి పరిగెత్తే టికెట్టు తీయొద్దని మీ నాన్నతో చెప్పండి. మధ్యలో ఒక రోజు ఖాళీ ఉండాలి. మా చిన్నప్పుడు సెలవుల్లో పుస్తకం పడితే వింతగా చూసేవాళ్లు, ఇప్పుడు పట్టకపోతే చూస్తున్నారు!

టికెట్ల లెక్క చిన్నోడిది. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు, ప్రయాణం రోజు అందులో కలపరు. అంతకుముందు 120 ఉండేది. క్యాలెండరు మీద వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి నాన్నని కూర్చోబెట్టు. దసరా రద్దీకి మర్నాడు చూద్దామంటే వెయిటింగ్ లిస్టే. ఇంకో మెలిక ఉంది. హైదరాబాదు నుంచి రాత్రి బండి తెల్లవారుతూ విశాఖ చేరుస్తుంది, అక్కణ్ణుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ బండి పొద్దున ఏడు లోపే వెళ్లిపోతుంది. మొదటిది గంట ఆలస్యమైతే రెండోది దక్కదు. ఒక రోజు విశాఖలో ఆగి, సముద్రం చూసుకుని, మర్నాడు ఎక్కడమే మేలు.

సెలవులకి అటో ఇటో ఒకరోజు బడి పోతే, వెళ్లకముందే టీచరుగారికి చీటీ ఇచ్చి, ఆ రోజు ఏ పాఠమో అడిగి రాసుకోండి. వచ్చాక స్నేహితుల్ని ఫొటోలు అడిగితే సగం మసకగా వస్తాయి.

తిరుగుప్రయాణం ఘాట్ రోడ్డు మీదైతే ఆ నోటు పుస్తకం తెరవనే తెరవొద్దు. కళ్లు కదలని కాగితం చూస్తుంటే, చెవిలోపలి భాగం బండి ఊగుతోందని చెబుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకే కడుపులో తిప్పుతుంది. ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డుకేసి చూడండి, పూరీలు తిని ఎక్కొద్దు.

రైల్లో మాత్రం మీకొక పని. ప్రతి స్టేషను పసుపు బోర్డు మీద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. కొత్తవలస నుంచి శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు దాకా ఒకరు అంకె చదవండి, ఒకరు రాయండి. బండి వేగంగా దాటేస్తే పోనీయండి. ఆ అంకెలతో గ్రాఫు గీస్తే కొండ ఆకారం మీ కాగితం మీదికి వస్తుంది. శిమిలిగూడ దగ్గర 996 మీటర్లు కనిపిస్తుంది, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి (వెడల్పు పట్టాల) స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినదని దానికి పేరు. ఆ తర్వాత అరకు వస్తుంది. అక్కడ గీత ఎటు తిరుగుతుందో నేను చెప్పను, బోర్డు చూసి గీసి పంపండి.

ఇట్లు,
తాతయ్య