గేమింగ్ మౌస్: డబ్బా మీద ఒకటి, చేతిలో ఒకటి

హనుమకొండ చౌరస్తా దగ్గర కంప్యూటర్ సామాను అమ్ముతాను, రిపేర్లూ చేస్తాను. మౌస్ కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ హాస్టల్ పిల్లలే. అడిగే మొదటి మాట కూడా ఒకటే: "అన్నా, డీపీఐ ఎంత?" మౌస్ ఒక అంగుళం కదిలితే తెర మీద బాణం ఎన్ని పిక్సెళ్లు జరుగుతుందో ఆ లెక్కే డీపీఐ.

అపోహ: డీపీఐ ఎంత ఎక్కువుంటే మౌస్ అంత మంచిది.

వాస్తవం: 1920 పిక్సెళ్ల తెర మీద 16,000 డీపీఐ పెడితే, మౌస్ మూడు మిల్లీమీటర్లు కదిలేసరికి బాణం ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది. దాంతో గురి చూసి కొట్టేదెవరు? షూటింగ్ గేములు సీరియస్‌గా ఆడేవాళ్లలో చాలామంది 400 నుంచి 1600 మధ్యే పెట్టుకుంటారు. పైగా కొన్ని చౌక మౌసుల్లో కదలికను పట్టే సెన్సార్ నిజంగా చూడగలిగేది తక్కువ, మిగతా అంకె లెక్కలతో పెంచిందే. అందుకే నేను ముందు సెన్సార్ పేరు చూస్తాను. పిక్సార్ట్ కంపెనీ 3311, 3395 లాంటి సెన్సార్ పేరేదీ డబ్బా మీద లేకపోతే నాకు అనుమానమే.

అనుమానం తీర్చుకోవడానికి కౌంటర్ మీదే ఒక పరీక్ష పెడతాను. విండోస్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' టిక్ తీసేసి, 400 డీపీఐ పెడతాను. మౌస్‌ను ఒక లావుపాటి పుస్తకానికి ఆనించి, బాణాన్ని ఎడమ అంచున ఉన్న ఐకాన్ మీద ఉంచుతాను. చటుక్కున నాలుగంగుళాలు కుడికి లాగి, మెల్లగా వెనక్కి తెచ్చి మళ్లీ పుస్తకానికి ఆనిస్తాను. బాణం అదే ఐకాన్ మీదికి రావాలి. రాలేదంటే వేగంగా లాగినప్పుడు సెన్సార్ తడబడ్డట్టే.

అపోహ: "వైర్‌లెస్ అంటే లాగ్ కొడ్తది గదన్నా!"

వాస్తవం: బ్లూటూత్ మీద ఆడితే మౌస్ ఆలస్యంగా స్పందిస్తుందన్న ఆ మాట చాలావరకు నిజమే. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌తో (యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్) 1000 హెర్ట్జ్ పోలింగ్ ఉంటే మాత్రం మౌస్ మిల్లీసెకనుకోసారి కబురు పంపుతుంది. వైర్ మౌస్‌కూ మామూలుగా ఉండే లెక్క అదే. ఈమధ్య ఒక పిల్లాడు మౌస్ ఆగి ఆగి కదులుతోందని, పారేసేలోపు ఒకసారి చూడమని తెచ్చాడు. నా దగ్గర బాగానే నడిచింది. ఫోటో పంపమంటే తెలిసింది: డాంగిల్ సీపీయూ వెనకాల, పక్క పోర్టులోనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్. యూఎస్‌బీ 3 నడిచేటప్పుడు వచ్చే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే డాంగిల్‌కు అడ్డం పడుతుంది. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను మౌస్ ప్యాడ్ పక్కకు తెచ్చుకున్నాడు, టెన్షన్ తీరింది.

అపోహ: ఐదు కోట్ల క్లిక్కుల స్విచ్ జన్మలో పోదు.

వాస్తవం: రిపేరుకొచ్చే మౌసుల్లో సగం డబుల్ క్లిక్ కేసులే. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. విప్పితే లోపల రేకు కాంటాక్ట్ అరిగో, మసిపట్టో ఉంటుంది. తుడిస్తే కొన్నాళ్లు నడుస్తుంది, స్విచ్ మార్చడమే నయం. ఆప్టికల్ స్విచ్‌లలో క్లిక్‌ను వెలుగు పసిగడుతుంది కాబట్టి ఈ జబ్బు రాదు.

బరువంటారా, ఒక ఆల్కలైన్ ఏఏ బ్యాటరీయే ఇరవై గ్రాములు దాటుతుంది, చేత్తో పట్టుకుని చూసుకోండి. రంగు లైట్లు బ్యాటరీ తాగడానికి తప్ప దేనికీ పనికిరావు.

ఇంకొకటి, మౌస్ పొట్ట కింద డాంగిల్ దాచుకునే గూడు ఉందో లేదో చూడండి. చాలా చౌక మోడళ్లకు డాంగిల్ విడిగా దొరకదు. అది పోయిందని మంచి మౌసులు తెచ్చి నా కౌంటర్ మీద పెట్టి పోయినవాళ్లున్నారు.