సన్న గీత ఎక్కడ పెట్టాలి? బోర్డుల మీది తెలుగు వెనక కథ

హనుమకొండ నయీంనగర్‌లోనో, వరంగల్ చౌరస్తాలోనో కొత్తగా తెరిచిన నగల షోరూముల, బొటిక్‌ల బోర్డులు చూడండి. ఇంగ్లిష్ పేరులో ఒక గీత లావుగా, పక్క గీత వెంట్రుకంత సన్నగా ఠీవిగా ఉంటుంది. దాని కిందే తెలుగు పేరు మొద్దు అక్షరాల్లో. పెళ్లి కార్డులదీ ఇదే వరస. డిజైన్ చేసినవాళ్ల అభిరుచిని తప్పుపట్టడం తేలికే గానీ, అసలు కారణం చాలా పాతది.

ఆ ఇంగ్లిష్ అక్షరాలకు మూలం యూరప్‌లో ఈక కలం రాత. ఒత్తితే గీత లావెక్కేది, తేల్చితే సన్నబడేది. అచ్చులో అంత సన్నదనం నిలవాలంటే కాగితం, సిరా మారాలి. బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ 1757లో నున్నటి కాగితం మీద, చిక్కటి నల్ల సిరాతో లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు అచ్చువేసి ఆ దారి తెరిచాడు. పారిస్‌లో అచ్చు అక్షరాలు పోతపోసే డిడో కుటుంబం, ఇటలీలోని పార్మాలో ముద్రాపకుడు బొడోని దాన్ని కొసదాకా తీసుకెళ్లారు. బొడోని 1813లో పోయాక, ఆయన టైపు నమూనాల గ్రంథాన్ని భార్య 1818లో వెలువరించింది. తర్వాత ఫ్యాషన్ పత్రికలు ఈ రూపాన్ని సొంతం చేసుకున్నాయి. ఖరీదైన సరుకంటే ఈ అక్షరాలే అన్న ముద్ర అలా పడింది. 1990ల మొదట్లో హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రిక కోసం అక్షరాల డిజైనర్ జోనథన్ హెఫ్లర్ డిడో అక్షరాలను మళ్లీ గీసినప్పుడు ఏడు సైజులకు ఏడు రూపాలు చేయాల్సి వచ్చింది. శీర్షికలో మెరిసే సన్న గీత చిన్న సైజులో మాయమవుతుంది మరి.

మన రాతకు ఆ వారసత్వం లేదు. తాటాకు మీద ఇనుప గంటంతో గీరి, మసి పూసేవాళ్లు. గంటం మొన గీసే గీత దాదాపు ఒకే మందం. కరీంనగర్ దగ్గర కురిక్యాల గుట్ట మీది 10వ శతాబ్దపు కంద పద్యాలైనా, వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనమైనా ఉలి పని. ఈక కలం ఊసే లేదు. సీసపు టైపు వచ్చాకే అక్షరాల్లో లావు-సన్నం కొంత చేరింది.

పైగా ఇంగ్లిష్‌లో నిలువు గీత లావు, అడ్డ గీత సన్నం అంటే చాలావరకు సరిపోతుంది. గుండ్రటి తెలుగులో బరువు ఎక్కడ పెట్టాలి? ‘ధ’ అడుగున ఉండే చిన్న గీతను సన్నం చేసి ఫ్లెక్సీ వేస్తే, కొంత దూరం నుంచి ధనలక్ష్మి కాస్తా దనలక్ష్మి అవుతుంది. ‘స్త్రీ’ లాంటి అక్షరానికి కింద రెండు వత్తులకూ చోటివ్వాలి. ఇంగ్లిష్ పక్కన సమానంగా నిలబెట్టడమే కష్టం.

డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) రోజుల్లో ప్రెస్సులు యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లకు అలవాటు పడ్డాయి. యూనికోడ్ అంటే అన్ని లిపులకూ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి ప్రమాణం. తెలుగు 1991లోనే అందులోకి వచ్చినా, పాత ఫోటోషాప్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోయేవి. అందుకే ఆ అలవాటు వదల్లేదు. తర్వాత ఉచితంగా విడుదలైన ఫాంట్లలో ‘రామరాజ’ శీర్షికల కోసమే చేసింది. అందులోని ఇంగ్లిష్ అక్షరాలు ‘విడలోక’ అనే లావు-సన్నం ఫాంటువి. రెండు లిపులూ ఒకే ఫాంటులో ఉన్నాయి కాబట్టి బోర్డు మీద జోడీ కుదురుతుంది. నా మటుకు పెళ్లి కార్డులో పేర్లకు ఇది చాలు, వేదిక చిరునామాకు మాత్రం వద్దు.